నెలవారీ బిల్లు, ఒక్కసారి వేసే ఛార్జీ కలిసిపోతున్నాయి: కస్టమర్ ఖాతాలు ఎలా పెట్టుకోవాలి?

పశ్చిమ గోదావరి నెట్ కుర్రాడు:

అందరికీ నమస్కారం అండి. మాది తణుకు దగ్గర. మా బాబాయి చాలా ఏళ్లుగా కేబుల్ టీవీ నడుపుతున్నారు, ఈమధ్య కొన్నేళ్లుగా ఫైబర్ ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాం. కనెక్షన్లు 600 పైచిలుకు. ఆఫీసు లెక్కలు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. ఇదివరకు ఒక సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టిచ్చిన ప్రోగ్రామ్ ఉంది, అందులో కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, ప్లాన్, ఆ పక్కన "నెల మొత్తం" అని ఒక గడి, అంతే. ఆ గడిలో ఎంతుంటే అంత ఒకటో తారీఖున అందరికీ బాకీగా పడిపోతుంది.

చిక్కంతా ఆ గడి దగ్గరే. ఫిట్టింగ్ ఛార్జీ వేయాలన్నా, ఇల్లు మారినందుకు షిఫ్టింగ్ ఛార్జీ వేయాలన్నా వేరే చోటు లేదు, అందులోనే కలిపి వచ్చే నెల గుర్తుపెట్టుకుని తీసేయాలి. తీసేలోపు ఒకటో తారీఖు వచ్చిందా, మళ్లీ పడినట్టే. ఒక టీచరు గారికి నెలకు 590, ఫిట్టింగ్ 1,180, మొదటి నెల కలిపి 1,770 అయింది. సరే అని ఇచ్చారు. రెండో నెల కూడా 1,770 అనే మెసేజ్ వెళ్లింది. మా కలెక్షన్ కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఫోన్ చూపిస్తే ఆవిడ కూడా తన ఫోన్ తీసి మొదటి నెల మెసేజ్ చూపించారు. ఆవిడ మాటే న్యాయం. కానీ మా దగ్గర ఉన్నది మొత్తం అంకె ఒక్కటే, అందులో ఏది దేనికో చూపించడానికి ఏమీ లేదు. ఆ కుర్రాడు ఏం చెప్తాడు పాపం.

ఇంకా ఉన్నాయి. రూటర్‌కి 1,500 డిపాజిట్ తీసుకుంటాం, అది కూడా ఆ గడిలోనే కలిసి వసూలులో చేరిపోతోంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నామో పాత రసీదు పుస్తకాలు వెతకాలి. నెల మధ్యలో చేరినవాళ్లకి ఎన్ని రోజులకి లెక్క కట్టాలో తలా ఒకలా చేస్తున్నారు. కొందరు సంవత్సరం డబ్బు ఒకేసారి ఇస్తారు, వాళ్లకి నెలనెలా బాకీ పడకుండా "నెల మొత్తం" సున్నా పెట్టేశారు, గడువు ఎప్పుడు అయిపోతుందో డైరీలో ఉంది.

నా ప్రశ్న ఏమిటంటే, ఒక్కసారి వేసేవి, ప్రతి నెలా వేసేవి సాఫ్ట్‌వేర్‌లో అసలు ఎలా విడదీయాలి? ఉన్న ప్రోగ్రామ్‌నే మార్పించుకోవడమా, కొత్తది తీసుకోవడమా అన్నది తర్వాత, ముందు లెక్క ఎలా ఉండాలో తెలిస్తే ఎవరినైనా గట్టిగా అడగగలను.

—

బిల్లింగ్ డెవలపర్, హైదరాబాద్:

తమ్ముడూ, నువ్వు అడిగిన తీరే బాగుంది, చాలామంది సాఫ్ట్‌వేర్ కొనేశాక ఈ ప్రశ్న వేస్తారు. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మీ ప్రోగ్రామ్‌లో లోపం ఒక్కటే. "ఈయనకి నెలకి ఇంత వేయాలి" అనేది ఒక ఆదేశం. "జూలై ఒకటిన ఈయనకి ఇంత పడింది" అనేది ఒక పద్దు. ఈ రెంటినీ ఒకే గడిలో పెట్టారు. ఇంటి పాల లెక్క చూడు. రోజూ లీటరు అన్నది ఒకసారి చెప్పి ఊరుకుంటాం, పండగకి రెండు లీటర్లు ఎక్కువ పోయించుకుంటే ఆ రోజు గడిలో రాసుకుంటాం తప్ప "రోజూ మూడు లీటర్లు" అని మార్చి మర్నాడు మళ్లీ ఒకటి చేయం కదా. మీ వాళ్లు చేస్తున్నది సరిగ్గా ఆ పని.

కాబట్టి ప్రతి కస్టమర్‌కీ రెండు వేరువేరు జాబితాలు ఉండాలి. ఒకటి, నడుస్తున్న ఛార్జీల జాబితా. అందులో ప్రతి వరుసకీ ఛార్జీ పేరు, పన్ను కలపని ధర, ఎన్ని నెలలకొకసారి, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు (తెలియకపోతే ఖాళీ), తర్వాతి బిల్లు తేదీ. రెండోది పద్దుల జాబితా, అంటే అసలు ఖాతా. పడిన ప్రతి ఛార్జీ, వచ్చిన ప్రతి రూపాయి తేదీతో ఇక్కడ ఒక వరుస. ఒకటో తారీఖున సాఫ్ట్‌వేర్ చేయాల్సిందల్లా మొదటి జాబితా చదివి రెండోదాంట్లో వరుసలు రాయడం. ఫిట్టింగ్ లాంటివి మొదటి జాబితా గడప కూడా తొక్కకూడదు, నేరుగా పద్దుల్లోకే వెళ్లాలి. అక్కడ "ఇంకా బిల్లులో చేరలేదు" అనే గుర్తుతో కూర్చుంటాయి. వచ్చే బిల్లు తయారైనప్పుడు అందులో చేరి, ఆ బిల్లు నంబరు ఆ వరుస మీద పడుతుంది. ఒకసారి నంబరు పడిన వరుసని ఏ బిల్లూ మళ్లీ ఎత్తుకోదు. టీచరు గారి గొడవ ఇక పుట్టే అవకాశమే ఉండదు, ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకుని తీయక్కర్లేదు.

రెంటికీ మధ్యలో ఇంకో రకం ఉంది. ఫిట్టింగ్ డబ్బులు మూడు నెలల్లో ఇస్తానన్నాడనుకో. ఇది నడుస్తున్న ఛార్జీయే, కాకపోతే "మూడుసార్లు వేసి ఆగిపో" అని చెప్పాలి. ఆ గడి లేని సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ మనిషి గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది, మళ్లీ మొదటికే.

ఇప్పుడు ఒక కస్టమర్ లెక్క చేసి చూపిస్తాను. ప్లాన్ 500, ఫిట్టింగ్ 1,000, డిపాజిట్ 1,500. జూన్ 12న చేరాడు, మీ బిల్లు ఒకటో తారీఖున. జూన్ 12 నుంచి 30 వరకు 19 రోజులు (చేరిన రోజు కూడా లెక్కే). 500ని 30తో భాగించి 19తో హెచ్చిస్తే 316.67. దానికి ఫిట్టింగ్ కలిపితే 1,316.67, దానిమీద 18 శాతం జీఎస్టీ 237. మొత్తం 1,553.67. డిపాజిట్ 1,500 పన్ను లేకుండా విడిగా. కట్టాల్సింది 3,053.67, సవరించి 3,054, ఆ 33 పైసల సవరణ కూడా ఒక వరుసే. జూలై ఒకటిన మాత్రం 500, పన్ను 90, మొత్తం 590, ఇంకేమీ లేదు.

అతనే జూలై 16న 800 ప్లాన్‌కి మారాడనుకో. నెలలో మిగిలింది 16 రోజులు. పాత ప్లాన్‌లో వాడని భాగం 258.06 వెనక్కి జమ, కొత్త ప్లాన్ భాగం 412.90 ఖర్చు, తేడా 154.84, పన్ను 27.87, మొత్తం 182.71. ఇది రెండు వరుసలుగా కనిపించాలి. తేడా ఒక్కటే రాస్తే కస్టమర్‌కి కాదు కదా, ఆరు నెలల తర్వాత నీకే అర్థం కాదు. 30 రోజుల నెలగా లెక్క కడతారా, నెలలో ఉన్న రోజులతోనా అన్నది మీ ఇష్టం, కానీ ఒకటి ఎంచుకుని సాఫ్ట్‌వేర్‌లో బిగించేయండి, మనిషి చేతికి వదలొద్దు.

మూడు సంగతులు మాత్రం కచ్చితంగా చూసుకో. మొదటిది, నెలాఖరు తేదీ. చేరిన తేదీని బట్టి బిల్లు వేసే పద్ధతైతే, జనవరి 31న చేరినవాడికి ఫిబ్రవరి 28న పడుతుంది, అక్కడి నుంచి నెల కలుపుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ మార్చి 28, ఏప్రిల్ 28 అని వెళ్లిపోతుంది. కస్టమర్ మూడు రోజులు నష్టపోతాడు. అసలు తేదీ 31 అని విడిగా దాచి ప్రతి నెలా దాన్నుంచి లెక్కపెట్టాలి. రెండోది, బిల్లులు తయారవుతుండగా కరెంటు పోవడం. సగం మందికి పడి, సగం మందికి పడకపోతే మళ్లీ బటన్ నొక్కుతారు, అప్పుడు మొదటి సగానికి రెండుసార్లు పడుతుంది. కస్టమరు, ఛార్జీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ మూడూ కలిసిన వరుస ఖాతాలో ఒక్కటే ఉండాలని డేటాబేస్‌లోనే నిబంధన పెట్టాలి. అప్పుడు పదిసార్లు నొక్కినా ఏమీ కాదు, పడనివాళ్లకే పడుతుంది.

మూడోది నేను గట్టిగా నమ్మేది. బిల్లులో చేరిన వరుసని ఎవరూ దిద్దకూడదు, చెరపకూడదు, మీ బాబాయి గారైనా సరే. తప్పు పడితే దానికి ఎదురు వరుస వేయాలి, ఎవరు వేశారో, ఎందుకో రాసి. గేటు దగ్గర నిలబడ్డ మీ కుర్రాడికి "ఇదిగో అమ్మా, ఇది పడింది, ఇది తీసేశాం" అని చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అంకె మాయమైతే కస్టమర్‌కి అనుమానం పెరుగుతుంది తప్ప తగ్గదు.

—

కలెక్షన్ చూసేవాణ్ణి, ఖమ్మం:

హైదరాబాద్ అన్న చెప్పింది కరెక్ట్. నేను ఫీల్డ్ సంగతి చెప్తా.

చేరిన తేదీని బట్టి బిల్లు పెట్టాలా, అందరికీ ఒకటో తారీఖు పెట్టాలా అని తేల్చుకునేటప్పుడు డబ్బు ఎట్ల వసూలు చేస్తున్నారో చూసుకోవాలె. ఇంటింటికీ తిరిగి నగదు తీసుకునే ఊళ్లో ఒకటో తారీఖే మంచిది, వీధి మొదట్లో మొదలుపెడితే చివరిదాకా ఒకే రోజు అయిపోతుంది. చేరిన తేదీ పద్ధతి పెడితే అదే వీధికి నెలలో పదిసార్లు పోవాలె. యాప్‌లో, యూపీఐలో కట్టేవాళ్లు ఎక్కువుంటే మాత్రం చేరిన తేదీ పద్ధతే మేలు, మొదటి నెల రోజుల లెక్క గొడవ ఉండదు.

మెసేజ్‌లో మొత్తం ఒక్కటే పంపకండి. "జూలై నెల బిల్లు 590, మళ్లీ కలిపినందుకు 236 (ఒక్కసారే), పాత బాకీ 0" అని విడివిడిగా పంపండి. "ఒక్కసారే" అన్న మాట ఉంటే సగం ఫోన్లు తగ్గిపోతాయి, జనానికి భయం డబ్బు గురించి కాదు, ఇది ప్రతి నెలా వస్తదేమో అని.

ఇంకోటి. కేబుల్ టీవీకి "నెలకి ఇంత" అని ఒక్క వరుస సరిపోదు. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) కొత్త పద్ధతి అమల్లోకి వచ్చాక నెట్‌వర్క్ ఛార్జీ వేరు, డబ్బు కట్టి చూసే చానళ్లు వేరు, ప్యాకేజీలు వేరు. ఒకే ఇంటికి నడుస్తున్న ఛార్జీలు నాలుగైదు ఉండొచ్చు. క్రికెట్ అయిపోంగనే స్పోర్ట్స్ చానల్ తీసేయమంటారు, ఆ ఒక్క వరుసకే ఆఖరి తేదీ వేసి మిగతావి నడిచేటట్టు ఉండాలె. రెండో టీవీ ఉంటే దాని బాక్సుకి మళ్లీ వేరే వరుస.

—

పన్నుల లెక్కలు, విజయవాడ:

జీఎస్టీ వైపు నుంచి కొన్ని మాటలు. మీ సొంత ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి, ముఖ్యంగా మొదటిది.

బిల్లు ఎవరి పేరు మీద వెళ్తోందో ముందు చూసుకోండి. ఇంటర్నెట్ లైసెన్స్ మీకు నెట్ ఇచ్చే పెద్ద కంపెనీది అయి, కస్టమర్‌కి బిల్లు వాళ్ల పేరు మీదే వెళ్తూ, మీకు కమీషన్ వస్తుంటే మీ ఆదాయం ఆ కమీషన్ వరకే. వసూలు చేసిన మిగతా డబ్బు వాళ్లది, దాన్ని మీ అమ్మకంగా చూపించుకోకూడదు. బిల్లు మీ పేరు మీదే అయితే కింద రాసేవన్నీ మీకు వర్తిస్తాయి. 600 కనెక్షన్లు, నెలకు 500 చొప్పున ఏడాదికి 36 లక్షలు, సేవలకి రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు, కాబట్టి మీరు దాటేసినట్టే.

డిపాజిట్ సంగతి. తిరిగి ఇచ్చే డిపాజిట్ సేవకి ప్రతిఫలం కాదు, దాని మీద జీఎస్టీ లేదు, అది మీ ఆదాయమూ కాదు, కస్టమర్‌కి మీరు ఉన్న బాకీ. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 2(31)లో ఈ మాట స్పష్టంగా ఉంది. కానీ కస్టమర్ రెండు నెలలు కట్టకుండా వెళ్లిపోతే డిపాజిట్‌లోంచి 1,180 పట్టుకున్నారనుకోండి, పట్టుకున్న ఆ రోజున, ఆ మేరకు అది ప్రతిఫలం అవుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో డిపాజిట్‌కి పూర్తిగా వేరే ఖాతా కావాలి, ఛార్జీల జాబితాలో "డిపాజిట్" అని ఒక ఐటమ్ సృష్టించి పన్ను సున్నా పెట్టేస్తే సరిపోదు. అలా చేస్తే నెలాఖరు అమ్మకాల రిపోర్టులో అది కలిసిపోతుంది. తిరిగి ఇవ్వనక్కర్లేని డబ్బుకి డిపాజిట్ అని పేరు పెట్టినా లాభం లేదు, దానికి పన్ను పడుతుంది.

ఏడాది అడ్వాన్స్ తీసుకుంటే, సేవల విషయంలో బిల్లు వేసిన రోజు, డబ్బు అందిన రోజు, ఏది ముందైతే అప్పుడే పన్ను బాధ్యత. 6,000 ప్లాన్‌కి 7,080 ఏప్రిల్‌లో తీసుకుంటే 1,080 పన్ను ఏప్రిల్ రిటర్న్‌లోనే కట్టాలి, నెలకి 90 చొప్పున కాదు. మీ పుస్తకాల్లో ఆదాయం మాత్రం నెలకు 500 చొప్పున విడగొట్టుకోవాలి, లేకపోతే ఏప్రిల్‌లో బ్రహ్మాండమైన లాభం, మిగతా ఏడాదంతా నష్టం కనిపిస్తుంది. కాబట్టి ఏడాది కస్టమర్‌కి "నెల మొత్తం సున్నా" పెట్టడం తప్పుడు పద్ధతి. అదీ నడుస్తున్న ఛార్జీయే, 12 నెలలకొకసారి పడుతుంది, తర్వాతి బిల్లు తేదీ వచ్చే ఏడాది. అప్పుడు డైరీ అక్కర్లేదు, నెల ముందే "గడువు దగ్గరపడింది" జాబితా అదే ఇస్తుంది.

మధ్యలో మానేసిన వాళ్లకి డబ్బు వెనక్కి ఇస్తే క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చే పత్రం) వేయాలి. దాన్ని ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు గానీ, వార్షిక రిటర్న్ దాఖలు చేసే తేదీలోపు గానీ, ఏది ముందైతే దానిలోపు రిటర్న్‌లో చూపించాలి. దాటితే కట్టిన పన్ను తగ్గించుకునే దారి మూసుకుపోతుంది.

ఆలస్యంగా కట్టినందుకు వేసే రుసుముకీ జీఎస్టీ ఉంది, అసలు సేవ రేటే దానికీ. చాలామంది ఇది పెనాల్టీ కదా, పన్నెందుకు అంటారు, సెక్షన్ 15(2)లో వడ్డీ, ఆలస్య రుసుము సరఫరా విలువలో భాగమేనని రాసి ఉంది. అయితే దాని మీద పన్ను బాధ్యత ఆ రుసుము చేతికి అందినప్పుడు వస్తుంది.

బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరంలో వరుసగా ఉండాలి, 16 అక్షరాలకి మించకూడదు. ఊరి పేరు, వీధి పేరు, నెల అన్నీ నంబర్‌లో పెట్టేసే సాఫ్ట్‌వేర్‌లు చూశాను, వద్దు.

ఆఖరుగా, పన్ను కలిపిన ధర 590 అని దాచకండి. 500 వేరుగా, పన్ను రేటు వేరుగా, ఆ రేటు ఏ తేదీ నుంచి అమలో దానితో పాటు ఉండాలి. 2017 జూన్ 30 వరకు ఈ సేవలకి సర్వీస్ టాక్స్ 15 శాతం, మర్నాటి నుంచి 18 శాతం జీఎస్టీ. 590 లాగా కలిపి దాచుకున్నవాళ్లు ఆ రోజు ప్రతి కస్టమర్ ఖాతా తెరిచి చేత్తో మార్చాల్సిన పరిస్థితి.

—

హాస్టల్ నడిపే గుంటూరు అక్క:

మాది వేరే పని, కానీ ఇదంతా చదువుతుంటే మా లెక్కే అనిపించింది. అడ్మిషన్ ఫీజు ఒక్కసారే, కాషన్ డిపాజిట్ తిరిగి ఇచ్చేది, మెస్ నెలనెలా, కరెంటు ఎంత కాలితే అంత. కరెంటుది మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పలేదు. అది ప్రతి నెలా వస్తుంది కానీ ఎంతో ముందు తెలియదు. మేము దాన్ని నడుస్తున్న ఛార్జీగానే పెట్టి ధర ఖాళీగా ఉంచుతాం, మీటరు రీడింగ్ ఎక్కిస్తే తప్ప ఆ గది బిల్లు బయటికి రాదు. ఒక్కసారి ఛార్జీగా వేస్తే ఏదో ఒక నెల ఏదో ఒక గదికి మర్చిపోతారు, మర్చిపోయినట్టు ఎవరికీ తెలియదు కూడా. వేయాల్సినది పడనప్పుడు అరిచి చెప్పే ఏర్పాటు ఉండాలి, ఎక్కువ పడితే కస్టమరే అరుస్తారు, తక్కువ పడితే ఎవరూ చెప్పరు.

—

పశ్చిమ గోదావరి నెట్ కుర్రాడు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. అక్కా, ఆ చివరి మాట నేను అసలు ఆలోచించలేదు. బాబాయికి మొత్తం చదివి వినిపించాను. బిల్లు మా పేరు మీదే వెళ్తోంది, పన్నుల సార్ చెప్పినవన్నీ మాకు వర్తిస్తాయి.

ఇంకో మూడు సందేహాలు. వేసవి సెలవులకి ఊరెళ్తూ రెండు నెలలు ఆపమంటారు, అది ఎలా? రెండోది, పాత ప్రోగ్రామ్‌లో ఉన్న బాకీలు ఎంతవరకు నిజమో తెలియదు, కొత్తదాంట్లోకి ఎలా తేవాలి? మూడోది, యూపీఐ ఆటోపే (కస్టమర్ ఒకసారి అనుమతి ఇస్తే డబ్బు దానంతట అదే కట్ అయ్యేది) పెడదామనుకుంటున్నాం, అందులో ఒక్కసారి ఛార్జీలు కూడా లాగొచ్చా?

—

బిల్లింగ్ డెవలపర్, హైదరాబాద్:

ఆపడం సంగతి ముందు. కస్టమర్‌ని "డిస్‌కనెక్ట్" చేసి మళ్లీ కొత్తగా చేర్చే పద్ధతి వద్దు, అలా చేస్తే డిపాజిట్, పాత ధర, చరిత్ర అన్నీ తెగిపోతాయి, ఇంకా కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కొత్త కస్టమర్ అనుకుని ఫిట్టింగ్ ఛార్జీ కూడా వేసేస్తాయి. నడుస్తున్న ఛార్జీ మీదే "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆపు" అని ఉండాలి. నెల ముందే కట్టేవాళ్లయితే ఆపిన రోజులన్నీ తర్వాతి బిల్లు తేదీకి కలుస్తాయి. తిరిగొచ్చే తేదీ అడిగి వేయండి. తేదీ లేకుండా ఆపితే ఆ కనెక్షన్ నడుస్తూనే ఉంటుంది, బిల్లు మాత్రం పడదు, గుంటూరు అక్క చెప్పిన సమస్య అదే. నెట్ ఆపే రూటర్ వైపు సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ మాట్లాడుకుంటున్నాయో లేదో నెలకొకసారైనా రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. నెట్ వస్తూ బిల్లు లేనివాళ్లు, బిల్లు పడుతూ నెట్ లేనివాళ్లు ఇద్దరూ దొరుకుతారు.

ఆటోపే గురించి. ఇందులో ఆర్‌బీఐ నిబంధనలు ఉన్నాయి. డబ్బు లాగడానికి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి ఎంత, ఎప్పుడు, ఎందుకు అనే సమాచారం వెళ్లాలి. 15,000 వరకు ప్రతిసారీ పిన్ అడగకుండా లాగొచ్చు, ఈ పరిమితి 2022 జూన్‌లో 5,000 నుంచి పెంచారు. అనుమతి తీసుకునేటప్పుడు "ప్రతిసారీ ఇంతే" అని స్థిరంగానూ తీసుకోవచ్చు, "ఇంతకు మించకుండా" అనే గరిష్ఠ పరిమితితోనూ తీసుకోవచ్చు. 590 అని స్థిరంగా తీసుకుంటే రేపు ప్లాన్ మారినా, పన్ను మారినా పనికిరాదు, కొత్తగా అనుమతి అడగాలి. గరిష్ఠంగా తీసుకో. కానీ మరీ పెద్ద అంకె పెడితే జనం భయపడి ఒప్పుకోరు, ప్లాన్‌కి రెట్టింపు దగ్గర పెడితే చాలు.

పరిమితి ఉంది కదా అని ఒక్కసారి ఛార్జీలు కస్టమర్‌కి తెలియకుండా అందులో లాగడం మాత్రం వద్దని నా మాట. నియమం ఒప్పుకున్నా మనిషి ఒప్పుకోడు. ఆటోపేలో నెల బిల్లు మాత్రమే, షిఫ్టింగ్, రూటర్ పాడైతే కొత్తది, ఇవన్నీ లింక్ పంపించి విడిగా కట్టించుకో. ఒక్కసారి చెప్పకుండా 1,000 లాగారంటే వాళ్లు ఆటోపే రద్దు చేస్తారు, మళ్లీ జన్మలో పెట్టుకోరు.

పాత బాకీలు: అన్నీ తేవద్దు. ఒక తేదీ పెట్టుకో, ఆ తేదీన ప్రతి కస్టమర్‌కీ "ప్రారంభ బాకీ" అని ఒకే వరుస. దానికన్నా ముందు వీధుల వారీగా జాబితా ప్రింట్ తీసి కలెక్షన్ కుర్రాళ్లతో ఇంటింటికీ పంపు, మీ లెక్క ప్రకారం ఇంత, సరేనా అని. డిపాజిట్ ఎంత ఇచ్చారో కూడా అప్పుడే అడిగి రాయించు, పాత రసీదు వాళ్ల దగ్గరే ఉంటుంది సాధారణంగా. ఏడాది కట్టినవాళ్లకి బాకీ సున్నా, తర్వాతి బిల్లు తేదీ మాత్రం సరిగ్గా ఎక్కించు. తేలని బాకీల మీద "వివాదంలో ఉంది" అనే గుర్తు పెట్టు, ఆ డబ్బు కట్టలేదని కనెక్షన్ ఆటోమేటిక్‌గా కట్ కాకూడదు.

—

కలెక్షన్ చూసేవాణ్ణి, ఖమ్మం:

వచ్చిన డబ్బు ముందు దేనికి జమ చేయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. 826 బాకీలో (590, 236) మనిషి 590 ఇచ్చి "ఇది నెల బిల్లు, ఆ 236 నేను ఇవ్వను" అంటడు. సాఫ్ట్‌వేర్ పాత తేదీ నుంచి జమ చేసుకుంటూ పోతే 236 తీరిపోయి, నెల బిల్లులో 236 బాకీ మిగిలి, పదో తారీఖున కట్ అయిపోతుంది. తేదీ క్రమం మంచిదే, కానీ రసీదు కొట్టేటప్పుడు ఏ వరుసకో ఎంచుకునే వీలు కుర్రాడి చేతిలో ఉండాలె. ఆలస్య రుసుము మీద మళ్లీ ఆలస్య రుసుము పడకుండా కూడా చూసుకోండి, దాన్ని నెల బిల్లు బాకీ మీదే లెక్క కట్టాలె, మొత్తం బాకీ మీద కాదు.

—

పశ్చిమ గోదావరి నెట్ కుర్రాడు:

అర్థమైంది అండి. ప్రింట్ తీసి వీధుల వారీగా తిరగడం ఈ నెలాఖరులోనే మొదలుపెడతాం. పాత ప్రోగ్రామ్ మార్చడం కుదరదని చేసినవాళ్లే చెప్పారు కాబట్టి కొత్తదే చూడాలి. అమ్మేవాళ్లందరూ "మా దాంట్లో రికరింగ్ ఉంది సార్, వన్‌టైమ్ ఉంది సార్" అనే అంటారు. నిజంగా ఉందో లేదో డెమోలో ఎలా తెలుస్తుంది?

—

బిల్లింగ్ డెవలపర్, హైదరాబాద్:

పేర్లు చాలానే ఉన్నాయి. ఇంటర్నెట్ వాళ్ల కోసమే చేసిన స్ప్లింక్స్‌లో నెలవారీ, ఒక్కసారి ప్లాన్లు విడివిడిగానే ఉంటాయి. జోహో బిల్లింగ్‌లో ప్రతి ప్లాన్‌కీ పక్కన ఒక్కసారి పడే యాడ్ఆన్, ప్రతిసారీ పడే యాడ్ఆన్ పెట్టుకోవచ్చు. ఊళ్లో ఎవరైనా చేసిచ్చినదైనా నాకు అభ్యంతరం లేదు, పని చేస్తే చాలు. వాళ్ల స్లైడ్లు చూడకు, కీబోర్డు నువ్వు తీసుకుని ఇవి చేయి.

జనవరి 31న చేరిన ఒక కస్టమర్‌ని సృష్టించి మార్చి బిల్లు ఏ తేదీన వస్తుందో చూడు. ఒకే నెల బిల్లు రెండుసార్లు రన్ చేయి. టీచరు గారి లెక్కే ఎక్కించు, ఫిట్టింగ్‌తో, తర్వాత వరుసగా మూడు నెలల బిల్లులు తీయి. నెల మధ్యలో ప్లాన్ మార్చి రెండు వరుసలు కనిపిస్తాయో, ఒకటే అంకె వస్తుందో చూడు. డిపాజిట్ ఎక్కించి నెలాఖరు అమ్మకాల రిపోర్టు తెరిచి, అందులో అది కనిపిస్తే అక్కడే లేచి వచ్చేయ్. బిల్లు అయిపోయిన ఒక వరుసని అడ్మిన్ పాస్‌వర్డ్‌తో చెరపడానికి ప్రయత్నించు, చెరిగిపోతే దాని వెనక ఎవరు చెరిపారో రాసి ఉందేమో అడుగు. ఇంకా, కస్టమర్ల డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ ఎక్కడుందో డబ్బు కట్టకముందే చూపించమను, "అడిగితే మేమే పంపిస్తాం" అంటే ఒప్పుకోకు.

ఒక నెల పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. మొదట ఒక్క వీధికే పెట్టు, ఆ వీధి మొత్తం రెండిట్లోనూ పైసలతో సహా కలిశాక మిగతా ఊరు ఎక్కించు. అమ్మేవాళ్ల దగ్గర ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే స్క్రీన్ ఫొటో పెట్టు, కస్టమర్ పేర్లు, ఫోన్ నంబర్లు తుడిచి.